హెచ్‌-1బీ మీద గన్ కొనవచ్చా? అమెరికా గన్ చట్టాలు ఎందుకు కదలవు?

మీరు అడిగినవి రెండు విషయాలు. డాలస్‌లో హెచ్‌-1బీ మీద ఉన్నారు, అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కల దొంగతనాలు ఎక్కువయ్యాయి, "హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే చాలు, వీసా మీద ఉన్నా పిస్టల్ అమ్ముతారు" అని స్నేహితుడు అన్నాడు. అది నిజమా అన్నది మొదటిది. స్కూళ్లలో ఇన్నిసార్లు కాల్పులు జరిగినా ఈ దేశం చట్టాలు ఎందుకు మార్చుకోదు అన్నది రెండోది.

మొదటిదానికి పొట్టి జవాబు ఉంది. మీ స్నేహితుడి మాట సగం నిజం. మిగతా సగంలో 15 ఏళ్ల వరకూ జైలు, దాని వెనకాలే డిపోర్టేషన్ ఉన్నాయి. రెండోదానికి పొట్టి జవాబు లేదు. అయితే ఒక్క కాగితం పట్టుకుని వెళ్తే రెండింటికీ దారి దొరుకుతుంది. లైసెన్స్ ఉన్న షాపులో గన్ కొనే ప్రతి మనిషీ నింపాల్సిన ఫారం 4473 అది. ఏటీఎఫ్ అనే కేంద్ర సంస్థ తయారుచేసిన ఫారం. అందులో ఒక్కో ప్రశ్న వెనకా ఒక్కో హత్య, ఒక్కో ఓటింగ్, ఒక్కో రాజీ ఉన్నాయి.

ముందు మన దగ్గరి పద్ధతికీ ఇక్కడి పద్ధతికీ ఉన్న తేడా చెప్పాలి, లేకపోతే మిగతాదంతా పిచ్చితనంలా కనిపిస్తుంది. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. తుపాకీ కావాలంటే జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్‌కో, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కో దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రాణభయం ఎందుకుందో చెప్పుకోవాలి. పోలీసు రిపోర్టు రావాలి. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకు రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్స్ గడువు ఐదేళ్లు. ఎన్నికల కోడ్ రాగానే తుపాకులు స్టేషన్‌లో జమ చేయమంటారు, పేపర్లో అది మూల వార్త. ఇక్కడ ఏ గవర్నరైనా ఆ మాట అంటే మర్నాటికల్లా కోర్టు ఆపేస్తుంది.

ఎందుకంటే ఇక్కడ 1791లో వచ్చిన రెండో రాజ్యాంగ సవరణ ఉంది. అది రాష్ట్రాల పౌరసేనల గురించా, విడి మనిషి గురించా అని రెండు శతాబ్దాలు వాదించుకున్నాక 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది: ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తికి ఉన్న హక్కు. 2010లో మెక్‌డొనాల్డ్ తీర్పుతో అది రాష్ట్రాలకూ, నగరాలకూ కట్టుబాటు అయింది. మన దగ్గర "నాకెందుకివ్వాలి" అని మనిషి నిరూపించుకోవాలి. ఇక్కడ "ఇతనికెందుకివ్వకూడదు" అని ప్రభుత్వం నిరూపించాలి. కింద చెప్పబోయే చిక్కుల్లో చాలాభాగం ఈ నిరూపణ బరువు ఎవరి నెత్తిన ఉందన్న దగ్గరే పుట్టాయి.

ఇక ఫారం. జాన్ కెనెడీ, మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యల తర్వాత 1968లో గన్ కంట్రోల్ చట్టం వచ్చింది. వ్యాపారంగా తుపాకులు అమ్మాలంటే కేంద్ర లైసెన్స్ ఉండాలన్నది, కొందరికి అసలు అమ్మకూడదన్నది దానితో గట్టిపడ్డాయి. ఆ "కొందరి" జాబితా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది. ఏడాదికి మించి శిక్ష పడదగిన నేరంలో దోషిగా తేలినవాళ్లు, పరారీలో ఉన్నవాళ్లు, మత్తు పదార్థాలు వాడేవాళ్లు, మానసిక వైద్యశాలకు నిర్బంధంగా పంపబడినవాళ్లు, గృహహింస కేసులో చిన్న శిక్ష పడినవాళ్లు (ఇది 1996లో చేరింది), చట్టవిరుద్ధంగా దేశంలో ఉన్నవాళ్లు. 1998లో నాన్‌-ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లనూ చేర్చారు. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎఫ్‌-1, ఎల్‌-1, చుట్టపు చూపుగా వచ్చిన అమ్మానాన్నల బీ-2, అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఈ జాబితాలో లేరు, కేంద్ర చట్టం ప్రకారం పౌరుల్లాగే కొనుక్కోవచ్చు.

గమనించాల్సింది ఒకటుంది. నిషేధం కొనడం మీద మాత్రమే అనుకుంటారు చాలామంది. చేతిలో ఉంచుకోవడం మీదా ఉంది, తుపాకీతో పాటు తూటాల మీదా ఉంది. షూటింగ్ రేంజికి వెళ్లి గంటకు అద్దెకు తీసుకుని కాల్చినా చట్టం దృష్టిలో అది దగ్గర ఉంచుకోవడమే. వారాంతం సరదాకు ఆఫీసు వాళ్లతో రేంజికి వెళ్లే కుర్రాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

మీ స్నేహితుడు చెప్పిన మినహాయింపు అదే చట్టంలో ఉంది. అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉన్న నాన్‌-ఇమ్మిగ్రెంట్‌కు నిషేధం వర్తించదు. టెక్సాస్‌లో స్థానిక నివాసికి ఆ లైసెన్స్ 25 డాలర్లు. నివాసి అనిపించుకోవడానికి ఆరు నెలలు ఇక్కడ వరసగా ఉండాలి. ఫారంలో నాన్‌-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చారా అన్న ప్రశ్నకు అవునని, మినహాయింపు ఉందా అన్న ప్రశ్నకు అవునని టిక్కు పెట్టి, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) మీది అడ్మిషన్ నంబరు రాసి, వేట లైసెన్స్ కాపీ జతచేస్తే డీలర్ చట్టబద్ధంగా అమ్మవచ్చు. అమ్మి తీరాలనేం లేదు. ఈ తలనొప్పి మనకెందుకని వీసా వాళ్లకు అమ్మని షాపులు బోలెడు.

ఇంతవరకూ సగం నిజం. మిగతా సగం ఇది.

టెక్సాస్ వేట లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో తీరిపోతుంది. జూలైలో కొన్నా అంతే. ఆగస్టు 31 రాత్రి పడుకునేటప్పటికి చట్టబద్ధంగా ఉన్న మనిషి సెప్టెంబరు 1 తెల్లారేసరికి అలమారలో పిస్టల్‌తో కేంద్ర నేరంలో ఉంటాడు. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి కాబట్టి ముందే తీసుకోవచ్చు. కానీ తుపాకీ ఉన్నంతకాలం ఏటా ఒక్కరోజు కూడా ఖాళీ రాకుండా చూసుకోవాలి.

ఇంకా పెద్ద గొయ్యి లేఆఫ్. వేట లైసెన్స్ మినహాయింపు చట్టబద్ధమైన నాన్‌-ఇమ్మిగ్రెంట్లకే. స్టేటస్ పోయినవాళ్లకు చట్టంలో వేరే ఉపవాక్యం ఉంది, దానికి వేట లైసెన్స్ మినహాయింపు లేదు. ఉద్యోగం పోయి, 60 రోజుల గ్రేస్ గడిచి, కొత్త పిటిషన్ పడకపోతే మీ దగ్గర పది రాష్ట్రాల హంటింగ్ లైసెన్సులున్నా పనికిరావు. అప్పటికే ఇంట్లో ఉన్న తుపాకీని ఏం చేయాలన్నది, ఆ రోజుల్లో మీకుండే వంద కంగారుల్లో నూటొకటోది అవుతుంది.

ఎఫ్‌-1 పిల్లల విషయంలో ఇదే సూత్రం మరోలా తగులుకుంటుంది. వీసా షరతులు ఉల్లంఘించినవాళ్లను కూడా ఏటీఎఫ్ నిబంధనలు చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్ల కిందే లెక్కేస్తాయి. క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ మీద పనిచేసే పిల్లవాడు అప్పటికే షరతు దాటాడు. ఆ కౌంటర్ కింద ఓనర్ పెట్టుకున్న పిస్టల్ ఉంటుంది, రాత్రి షిఫ్టులో "అవసరమైతే తీసుకో" అంటాడు. అది చేతిలోకి తీసుకున్న క్షణం ఓనర్‌ది కాదు, పిల్లవాడి కేసు. అసలు చేతిలోకి తీసుకోకపోయినా, అక్కడుందని తెలిసి, అందుకోగల స్థితిలో, దాని మీద అధికారం ఉన్నట్టు ప్రాసిక్యూటర్ చూపగలిగితే చాలు. స్టోర్లలో పనిచేసే మన పిల్లల మీద దోపిడీ దొంగల కాల్పులు జరుగుతున్న మాట నిజం, భయం నిజం. అయినా చట్టం ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఇది ఊహ కాదనడానికి రెహైఫ్ కేసు చూడండి. యూఏఈ నుంచి ఫ్లోరిడాకు స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది. ఆ తర్వాత షూటింగ్ రేంజికి వెళ్లి కాల్చాడు. కేసు పెట్టారు, శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు 7-2తో దాన్ని కొట్టేస్తూ, తుపాకీ పట్టుకున్నాడని నిరూపిస్తే చాలదు, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలంది. ఊరట లాగా కనిపిస్తుంది గానీ, యూనివర్సిటీ టెర్మినేషన్ ఈమెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో ఉంటే "నాకు తెలియదు" అనడం కష్టం.

ఈ నేరానికి 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, అంతకుముందు 10. ఇమ్మిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకు ప్రత్యేక నిబంధన ఉంది. తుపాకీ కొనడం, ఉంచుకోవడం, తీసుకెళ్లడం, వాడడం, వీటిలో దేన్లో చట్టం తప్పి దోషిగా తేలినా డిపోర్టేషన్‌కు అది చాలు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లతో సహా. పైన చెప్పిన స్టేటస్ నేరం ఇమ్మిగ్రేషన్ భాషలో 'యాగ్రవేటెడ్ ఫెలనీ' కిందికి వస్తుంది, అంటే బతిమాలుకునే దారులు కూడా చాలావరకు మూసుకుపోతాయి. పిటిషన్ ఫైల్ చేసే మీ లాయర్‌ను ఒక్కమాట అడగకుండా షాపు మెట్లెక్కకండి. గ్రీన్ కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్లయితే మరీను.

"అయితే గ్రీన్ కార్డున్న ఫ్రెండ్ చేత కొనిపిస్తా" అని తర్వాతి మాట వస్తుంది. ఫారంలో దాదాపు మొదటి ప్రశ్నే అది: అసలు కొనుగోలుదారు మీరేనా? 2014లో అబ్రామ్‌స్కీ కేసులో ఒక మాజీ పోలీసు తన మామయ్య కోసం పోలీసు డిస్కౌంట్‌లో పిస్టల్ కొన్నాడు. మామయ్య అన్నివిధాలా అర్హుడే, తన పేర విడిగా కొనుక్కోగల మనిషే. అయినా డబ్బు మామయ్యదై ఉండి "నేనే కొంటున్నా" అని రాయడం అబద్ధమేనని సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. అర్హుడి కోసం కొన్నా అంత గొడవైతే, అనర్హుడి కోసం కొన్నవాడి గతి ఊహించుకోండి. నిజమైన బహుమతికి అనుమతి ఉంది, అదీ తీసుకునేవాడు నిషేధిత జాబితాలో లేకపోతేనే.

గంజాయి ప్రశ్న దగ్గర కూడా చాలామంది పడతారు. మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా కేంద్రం దృష్టిలో నేరమేనని ఫారం మీదే హెచ్చరిక అచ్చయి ఉంటుంది. మత్తు వాడకం మీద అబద్ధం రాసినందుకే 2024 జూన్‌లో అప్పటి అధ్యక్షుడి కొడుకు హంటర్ బైడెన్ దోషిగా తేలాడు. అతనికి డిసెంబరులో తండ్రి క్షమాభిక్ష పెట్టాడు. మనకా సౌకర్యం లేదు.

గ్రీన్ కార్డు వచ్చాక కొనేవాళ్లకు తగిలే చిన్న చిక్కులు రెండు చెప్పి చర్చలోకి వెళ్తాను. ఐడీ మీది అడ్రసు ఇప్పుడుంటున్న అడ్రసే అయ్యుండాలి. ఇల్లు మారి డ్రైవర్ లైసెన్స్ మార్చుకోకపోతే కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. రెండోది మన పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడి, డ్రైవర్ లైసెన్స్ మీద పేరు ఇంకోలా విరిగినవాళ్లకు బ్యాక్‌గ్రౌండ్ చెక్ "డిలే" అని రావచ్చు. వేరే మనిషి నేరచరిత్రతో పేరు కలిసినా అంతే. సోషల్ సెక్యూరిటీ నంబరు రాయడం ఐచ్ఛికమే అయినా రాస్తే ఈ గందరగోళం తగ్గుతుంది. పదే పదే ఆగిపోతుంటే ఎఫ్‌బీఐకి వేలిముద్రలతో దరఖాస్తు చేసుకుని 'యూపిన్' అనే గుర్తింపు నంబరు తెచ్చుకుంటే తర్వాతి కొనుగోళ్లలో అది రాయవచ్చు.

ఆ బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గరే అసలు రాజకీయం మొదలవుతుంది. 1993 బ్రేడీ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. 1998 నవంబరు నుంచి ఎఫ్‌బీఐ నడిపే 'నిక్స్' కంప్యూటర్ వ్యవస్థ నడుస్తోంది. డీలర్ వివరాలు పంపగానే సాధారణంగా నిమిషాల్లో "ప్రొసీడ్", "డినైడ్", "డిలేడ్" అని ఏదో ఒకటి వస్తుంది. మొదటి కంత ఇక్కడే ఉంది. డిలే వస్తే ఎఫ్‌బీఐకి మూడు పనిదినాలే గడువు. అడిగిన రోజు లెక్కలోకి రాదు. గురువారం డిలే వస్తే శుక్ర, సోమ, మంగళవారాలు గడిచి, జవాబు రాకపోతే బుధవారం డీలర్ తుపాకీ ఇచ్చేయవచ్చు. 2015 జూన్‌లో చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడి చేతికి పిస్టల్ ఇలాగే వచ్చింది. అతని డ్రగ్ కేసు రికార్డు ఏ పోలీసు శాఖ దగ్గరుందో పరిశీలకులకు తెలిసేలోపు మూడు రోజులు అయిపోయాయి.

గడువు పెంచమంటే వ్యతిరేకులు చెప్పేది కొట్టిపారేయదగ్గ మాటేం కాదు. హక్కు అన్నాక గుమస్తా జవాబివ్వలేదన్న కారణంతో అది నెలల తరబడి ఆగకూడదు. గడువు లేకపోతే జవాబివ్వకపోవడమే నిషేధంగా మారుతుంది. ఆఫీసుల్లో ఫైలు తిరగడం చూసిన తెలుగువాడికి ఈ వాదన ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2022 చట్టం మధ్యేమార్గం పట్టింది: కొనేవాడు 21 ఏళ్లలోపైతే స్థానిక పోలీసులనూ, బాలనేర రికార్డులనూ అడగాలి, అనుమానముంటే పది పనిదినాల వరకూ ఆపవచ్చు.

రెండో కంత ఏమిటంటే, కంప్యూటర్‌లో ఉన్నదే నిక్స్ చూస్తుంది. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపినవాడు తనకే ప్రమాదకరమని కోర్టు ముందే చెప్పింది, ఆ ముక్క నిక్స్‌కు చేరలేదు. 2017లో టెక్సాస్‌లోని సదర్లండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మందిని పొట్టనపెట్టుకున్నవాడికి వాయుసేనలో ఉండగా గృహహింస శిక్ష పడింది, వాయుసేన ఆ రికార్డు పంపలేదు. రెండుసార్లూ తర్వాత సరిదిద్దే చట్టాలు వచ్చాయి, రెండింటికీ గన్ హక్కులవాళ్లు పెద్దగా అడ్డుపడలేదు. నా లెక్కలో ఈ చర్చ మొత్తంలో తక్కువ గొడవతో ఎక్కువ పని జరిగే చోటు ఇదే. టీవీలో దీని గురించి మాత్రం ఎవరూ అరుచుకోరు.

మూడో కంత ప్రైవేటు అమ్మకం. కేంద్ర చట్టం ప్రకారం చెక్ చేయాల్సింది లైసెన్స్ ఉన్న డీలర్. ఒకే రాష్ట్రంలో ఉండే ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి ఫారమూ లేదు, ఫోనూ లేదు, అవతలివాడు అనర్హుడని తెలిసి అమ్మకపోతే చాలు. 'గన్ షో లూప్‌హోల్' అంటారు గానీ ఇది షోలకే పరిమితం కాదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయి లాంటి రాష్ట్రాలు తమ చట్టాలతో దీన్ని పూడ్చాయి. టెక్సాస్ పూడ్చలేదు. 2019లో మిడ్‌ల్యాండ్-ఒడెస్సా రోడ్ల మీద ఏడుగురిని చంపినవాడు 2014లో షాపులో చెక్ తప్పాడు, తర్వాత లైసెన్స్ లేని మనిషి దగ్గర రైఫిల్ కొన్నాడు.

అందరికీ చెక్ పెడితే పోలా అంటే, దానికి అడ్డం పడేది రిజిస్టరు భయం. ఎవరెవరి దగ్గర ఏ తుపాకీ ఉందో రాసుకునే కేంద్ర రిజిస్టరును 1986 చట్టం నిషేధించింది. మీరు నింపిన ఫారం 4473 ప్రభుత్వానికి వెళ్లదు, షాపులోనే ఉంటుంది. షాపు మూతపడితే కాగితాలు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ఏటీఎఫ్ కేంద్రానికి పెట్టెల్లో చేరతాయి. అక్కడ స్కాన్ చేస్తారు గానీ కొన్నవాడి పేరుతో వెతికేలా పెట్టకూడదు. హత్య జరిగిన చోట దొరికిన పిస్టల్ ఎవరిదో తెలియాలంటే తయారీదారుకు ఫోను, అతను చెప్పిన హోల్‌సేలర్‌కు ఫోను, అక్కణ్ణుంచి షాపుకు ఫోను, లేకపోతే స్కాన్ పేజీలు ఒక్కొక్కటిగా తిప్పడం. గూగుల్ పుట్టిన దేశంలో ఇది అసమర్థత అనుకోకండి, కోరి కట్టుకున్న పద్ధతి. రిజిస్టరు ఉంటే రేపు జప్తు చేస్తారన్నది గన్ హక్కులవాళ్ల మూలభయం. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియా సుమారు ఆరున్నర లక్షల తుపాకులు నిర్బంధంగా కొని నాశనం చేయడాన్ని నియంత్రణ కావాలనేవాళ్లు ఆదర్శంగా చూపితే, గన్ హక్కులవాళ్లు సరిగ్గా దాన్నే తమ భయానికి రుజువుగా చూపిస్తారు. స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారం 2017 నాటికి అమెరికా పౌరుల దగ్గరున్నవి 39 కోట్లకు పైనే, జనాభా కంటే ఎక్కువ.

ఇక ఓట్ల సంగతి. 2012 డిసెంబరులో శాండీ హుక్ స్కూల్లో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయారు. నాలుగు నెలలకు షోలలో, ఇంటర్నెట్‌లో జరిగే అమ్మకాలకు చెక్ పెట్టే మాంచిన్-టూమీ ప్రతిపాదన సెనేట్‌కు వచ్చింది. 54 అనుకూలం, 46 వ్యతిరేకం. ఓడిపోయింది. చర్చ ముగించడానికి 60 కావాలి కాబట్టి. నాలుగు కోట్ల దగ్గరున్న కాలిఫోర్నియాకూ, ఆరు లక్షలు దాటని వయోమింగ్‌కూ ఇద్దరేసి సెనేటర్లు. దానికి తోడు, గన్ హక్కుల మీద ఓటేసేవాళ్లు ఆ ఒక్క విషయం మీదే ఓటేస్తారు, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లో తప్పకుండా వస్తారు. చెక్‌లు కావాలనేవాళ్లు సర్వేల్లో చాలా ఎక్కువే, బూత్ దగ్గర వాళ్లకు ఇంకో పది విషయాలుంటాయి. "ఎన్‌ఆర్‌ఏ డబ్బు" అని అంతా ఆ గన్ హక్కుల సంస్థ మీదికి తోసేయడం మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ. ఆ సంస్థ సొంత ఆర్థిక కుంభకోణాలతో నీరసించి, దాని అధినేత వేన్ లాపియర్ 2024లో దిగిపోయాక కూడా సెనేట్‌లో లెక్క మారలేదు.

మారిన ఒక్కసారి 2022. మే నెలలో టెక్సాస్‌లోని యువాల్డీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయాక టెక్సాస్ రిపబ్లికన్ జాన్ కార్నిన్, కనెక్టికట్ డెమోక్రాట్ క్రిస్ మర్ఫీ కూర్చుని రాజీ కుదిర్చారు. జూన్ 23న సెనేట్ 65-33తో ఆమోదించింది. 21లోపువాళ్లకు అదనపు చెక్, ఇంకొకరి కోసం తన పేర కొనడం మీద ప్రత్యేక నేరం, లాభానికి తరచూ అమ్మేవాళ్లు లైసెన్స్ తీసుకోవాలన్న నిర్వచనం, రెడ్ ఫ్లాగ్ చట్టాలు (ప్రమాదకరమనిపించిన మనిషి దగ్గర్నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకీని తాత్కాలికంగా తీసుకునేవి) నడిపే రాష్ట్రాలకు నిధులు. రైఫిళ్ల నిషేధం లేదు, అందరికీ చెక్ లేదు.

అదే రోజు, అదే జూన్ 23న, సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు ఇచ్చింది. న్యూయార్క్‌లో పిస్టల్ వెంట తీసుకెళ్లే లైసెన్స్ కావాలంటే "తగిన కారణం" చూపాలని నూరేళ్ల నాటి నిబంధన, అచ్చం మన కలెక్టరాఫీసు పద్ధతే. 6-3తో కొట్టేశారు. పైగా ఏ తుపాకీ చట్టమైనా నిలవాలంటే పాతకాలపు అమెరికన్ చట్టాల్లో దానికి పోలిక ఉండాలన్నారు. దాంతో కింది కోర్టులు 18వ శతాబ్దపు శాసనాలు తవ్వుకోవడం మొదలుపెట్టాయి. గృహహింస ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్నే టెక్సాస్ ప్రాంతపు అప్పీలు కోర్టు కొట్టేసింది. 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1తో దాన్ని నిలబెట్టి, అచ్చుగుద్దినట్టు పోలిక అక్కర్లేదు, సూత్రం కలిస్తే చాలని సర్దుకుంది. అంచేత ఇప్పుడు ఏ శాసనసభ చట్టం చేసినా రెండో ఆట కోర్టులో ఉంటుంది.

రైఫిల్ నిషేధం గురించి కూడా అడుగుతారు కాబట్టి: అది 1994 నుంచి 2004 దాకా ఉండనే ఉంది. మ్యాగజైన్ విడిగా ఊడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు పిస్టల్ గ్రిప్, మడిచే బట్, బాయినెట్ తగిలించే కొక్కెం లాంటివాటిలో రెండుంటే నిషేధం. కంపెనీలు కొక్కెం తీసేసి అదే రైఫిల్ అమ్మాయి. అంతకుముందు కొన్నవి అలాగే ఉన్నాయి. పది తూటాలు దాటిన మ్యాగజైన్ల నిషేధానికే కాస్త అర్థముందని నా అభిప్రాయం, మిగతాది ఆకారం మీద చట్టం. 2023లో తుపాకీ మరణాలు 46,728. అందులో 27,300 ఆత్మహత్యలు, 17,927 హత్యలు. ఏ తుపాకీయో నమోదైన హత్యల్లో రైఫిళ్ల వాటా చాలా చిన్నది, పిస్టళ్లదే పెద్దది. స్కూళ్ల కాల్పులు చర్చను నడుపుతాయి, చనిపోయేవాళ్లలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవాళ్లే. వెయిటింగ్ పీరియడ్ (కొన్నాక చేతికి రావడానికి కొన్నిరోజులు ఆగడం), తాళం వేసే నిబంధన, రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వు పనిచేసేది అక్కడ. వీటిలో వెయిటింగ్ పీరియడ్, రెడ్ ఫ్లాగ్ రెండూ టెక్సాస్ నాయకులకు వద్దు. రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వులను అడ్డుకుంటూ 2025లో ఏకంగా చట్టమే చేశారు. నగరాలు సొంతంగా చేసుకోవడానికీ లేదు, దేశంలో నలభైకి పైగా రాష్ట్రాల్లో అంతే.

అందుకే ఎడిసన్‌లో, నేపర్‌విల్‌లో, ఫ్రీమాంట్‌లో ఉన్న మీ బంధువులు చెప్పే లెక్క మీకు కుదరదు. న్యూజెర్సీలో ముందు ఐడీ కార్డు, ప్రతి పిస్టల్‌కూ విడిగా పర్మిట్. ఇల్లినాయిలో ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమానికి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) లేకుండా తూటాలు కూడా కొనలేరు. కాలిఫోర్నియాలో పరీక్ష రాసి, కొన్నాక పది రోజులు ఆగాలి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండిన అర్హులు లైసెన్సే లేకుండా పిస్టల్ వెంట తీసుకెళ్లవచ్చు.

ఇంట్లో పిల్లలుంటే ఒకమాట. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా పెట్టడం టెక్సాస్‌లో కూడా నేరం. మిషిగన్‌లో కొడుకు స్కూల్లో నలుగురిని చంపితే 2024లో తల్లిదండ్రులిద్దరికీ 10 నుంచి 15 ఏళ్లు శిక్ష వేశారు. మీ పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని అడగడం ఇక్కడ మర్యాద తప్పడం కాదు.

మీ అసలు చింత దొంగతనాలే అయితే ఈ వీసా మీద ఉన్నంతకాలం గట్టి డెడ్‌బోల్ట్, కెమెరా, రెంటర్స్ ఇన్సూరెన్స్‌తో సరిపెట్టుకోమనే చెబుతాను. టెక్సాస్‌లో చిన్న పెప్పర్ స్ప్రే సీసాకు అభ్యంతరం లేదు. హంటింగ్ లైసెన్స్ దారిలోనే వెళ్తానంటే లైసెన్స్, ఐ-94, తాజా ఐ-797 (పిటిషన్ ఆమోద నోటీసు) కాపీలు తుపాకీతో పాటు ఒకేచోట ఉంచుకోండి, ఉద్యోగం కదిలిన రోజే లాయర్‌కు ఫోన్ చేయండి. రేంజికి వాడిన బ్యాగు మాత్రం ఇండియా ప్రయాణానికి వాడకండి, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన బ్యాగైనా అరలన్నీ తిరగేసి దులిపి చూడండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడితే విమానం వెళ్లిపోతుంది, మీరు ఆయుధాల చట్టం కింద పోలీస్ స్టేషన్‌లో ఉంటారు. తెలిసి పెట్టుకున్నది కాదని తేలితే హైకోర్టులు కేసు కొట్టేస్తుంటాయి, కానీ అది వారం సెలవు మీద వచ్చినవాడి టైములో జరిగే పని కాదు.